కొత్త కంపెనీ ఏఆర్ కొన్నారా? ముందు ఈ 500 రౌండ్ల మాట మర్చిపోండి

డాలస్ పక్కన ఒక తుపాకుల షాపులో నాది రిపేరు పని. ఈమధ్య ఒక కొత్త కంపెనీ ఏఆర్-15 రైఫిళ్లు మా దగ్గర బాగా అమ్ముడుపోతున్నాయి. పేరున్న కంపెనీల కన్నా ధర తక్కువ, పనితనం కూడా చూడటానికి బాగుంటుంది. కొనేవాళ్లలో మన తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. కొన్న వారం తిరక్కుండానే ఫోన్ పట్టుకుని వస్తారు. "అన్నా, ఒకాయన దీన్ని చెత్త అంటున్నాడు. ఇంకొకాయన వెయ్యి రౌండ్లు (తూటాలు) కాల్చినా ఒక్క జామ్ కూడా లేదంటున్నాడు. నేను మోసపోయానా?" అని అడుగుతారు. కష్టపడి సంపాదించిన డబ్బు, ఇంట్లో ఒప్పించి కొన్న వస్తువు. ఆ టెన్షన్ నాకు అర్థమవుతుంది. తెలిసీ తెలియకుండా సలహాలు ఇచ్చేవాళ్ల మీదే నా కోపమంతా.

అపోహ: కొత్త రైఫిల్ జామ్ అవ్వడం మామూలే, 500 రౌండ్లు కాలిస్తే అదే సర్దుకుంటుంది.

సర్దుకోదు. నా బెంచీ మీదకు వచ్చే కొత్త రైఫిళ్ల విషయంలో జనానికి ఎక్కువ డబ్బు వదిలించిన మాట ఇదే.

ఈ నమ్మకం ఎక్కణ్నుంచి వచ్చిందో నాకు తెలుసు. మన ఊళ్లలో కొత్త బండి కొంటే ఫస్ట్ సర్వీస్ అయ్యేదాకా నలభై దాటి తోలొద్దని ఇంట్లో పెద్దవాళ్లు చెప్పేవారు. కొత్త యంత్రం ఏదైనా కొంచెం మొరాయిస్తుంది, వాడగా వాడగా దారికొస్తుంది అని మనసులో పడిపోయింది. ఏఆర్ విషయంలో ఇందులో నిజం కొంచెమే ఉంది. మొదటి ఒకటి రెండు వందల రౌండ్లలో బోల్ట్, అంటే తూటాను లోపలికి తోసి మూసే భాగం, కాస్త బిగువుగా కదలొచ్చు. నూనె ఎక్కువ అడగొచ్చు. ఇంకా మొరాయిస్తే దాన్ని మొండితనం అనుకోవద్దు, లోపం అనుకోండి. బోల్ట్‌ను మోసే క్యారియర్‌కు సరిగ్గా నూనె పెట్టి, మంచి ఫ్యాక్టరీ తూటాలు వేసి, రెండు మూడు వేరే మ్యాగజైన్లు (తూటాలు నింపే డబ్బాలు) మార్చి చూశాక కూడా అదే చోట అదే విధంగా ఆగుతోందంటే ఇంకో 500 రౌండ్లు కాల్చినా ఆ లోపం పోదు. రౌండుకు 40, 50 సెంట్లు చొప్పున 200 డాలర్ల పైన ఖర్చవుతుంది, అంతే.

చలికాలంలో ఫ్రిస్కో నుంచి ఒక పెద్దాయన వచ్చారు. గుంటూరు వైపు మనిషి. సిటిజన్‌షిప్ వచ్చాక కొన్న మొదటి తుపాకీ అది. రైఫిల్ కేసుతో పాటు ఇంకో సంచీ తెచ్చారు. అందులో తీసేసిన పాత బఫర్ (క్యారియర్ వెనక స్ప్రింగుతో ఉండే బరువు), కొత్త స్ప్రింగ్, పాత గ్యాస్ బ్లాక్ (పేలిన గ్యాస్‌లో కొంత వెనక్కి పంపి క్యారియర్‌ను కదిలించే భాగం), ఇంకా ఏవేవో పార్టులు. ఖాళీ షెల్ బయటికి వస్తోంది కానీ తర్వాతి రౌండ్ ఛాంబర్‌లోకి, అంటే తూటా పేలే చోటికి, ఎక్కడం లేదు. ఎవరో 500 రౌండ్లు కాల్చమన్నారట, కాల్చారు. తగ్గలేదు. ఇంకెవరో గ్యాస్ ఎక్కువై ఇలా అవుతోంది, బరువైన బఫర్ వేయమన్నారట, వేశారు. అప్పుడు ఇంకా ముదిరింది. గ్యాస్ బ్లాక్ కూడా మార్చేశారు. చివరికి కంపెనీకి ఫోన్ చేస్తే, పార్టులు మార్చారు కాబట్టి వారంటీ వర్తించదన్నారు. "నాకే చేతకావడం లేదా బాబూ?" అని ఆయన అడిగినప్పుడు నాకు చాలా బాధేసింది.

క్యారియర్ బయటికి తీసి, దాని మీద గ్యాస్ అందుకునే గ్యాస్ కీని బొటనవేలితో నొక్కాను. కదిలింది. దాని రెండు స్క్రూల చుట్టూ లోహాన్ని గట్టిగా అదిమి స్టేక్ చేయాలి. ఫ్యాక్టరీలో చేసింది గీత గీసినట్టుంది తప్ప పట్టు లేదు. స్క్రూలు వదులై గ్యాస్ పక్కకు పోతోంది. క్యారియర్ వెనక్కి పూర్తిగా వెళ్లలేక మధ్యలోనే తిరిగొస్తోంది. అసలే బలం చాలక ఆగుతున్నదానికి బరువైన బఫర్ వేస్తే ఇంకా ఆగుతుంది కదా! "అంకుల్, మీ తప్పేం లేదు, ఇది ఫ్యాక్టరీ నుంచే ఇలా వచ్చింది" అని చెప్పి, కొత్త స్క్రూలు బిగించి స్టేక్ చేసి, పాత బఫర్ మళ్లీ పెట్టాను. అప్పట్నుంచి బాగా నడుస్తోంది. ఇది మొదటి రోజే చూసుకుంటే కంపెనీవాళ్లు ఉచితంగా చేసిచ్చే పని.

అందుకే చెప్తున్నాను, మీ రైఫిల్ ఆగితే ముందు పార్టులు కొనకండి. మ్యాగజైన్ మార్చండి. మ్యాగజైన్ అరిగిపోయే వస్తువు, జామ్‌లలో చాలా వాటికి అదే కారణం. తూటాల కంపెనీ మార్చండి. ఆ తర్వాత మ్యాగజైన్‌లో ఒకే ఒక్క రౌండ్ పెట్టి కాల్చండి. బోల్ట్ వెనక్కి వెళ్లి లాక్ అవ్వాలి. ఇలా నాలుగైదు సార్లు చేసినా లాక్ కావడం లేదంటే గ్యాస్ ఎక్కడో పోతోంది, లేదా చాలడం లేదు. గ్యాస్ కీ వదులు కావచ్చు, గ్యాస్ బ్లాక్ రంధ్రం బ్యారెల్ రంధ్రంతో కలవకపోవచ్చు. ఇది తేలాక ఇంక దాని మీద చెయ్యి వేయకండి, కంపెనీకి రాయండి.

ఇంకో మాట. కాల్చినప్పుడు చప్పుడు మామూలు కన్నా నీరసంగా వస్తే అక్కడితో ఆపేయండి. బుల్లెట్ బ్యారెల్‌లో ఇరుక్కుని ఉండొచ్చు. దాని వెనక ఇంకో రౌండ్ పేలిస్తే బ్యారెల్ పగులుతుంది. 500 పూర్తి చేయాలన్న పట్టుదలలో ఉన్నవాళ్లు సరిగ్గా ఇలాంటి చోటే ఆగరు. నా భయం అదే.

అపోహ: కొత్త కంపెనీ కాబట్టి అన్నీ కొత్త ప్రయోగాలే.

ఈ డిజైన్ 1950లలో యూజీన్ స్టోనర్ అనే ఇంజనీరు ఆర్మలైట్ కంపెనీలో చేసింది. 1959లో దాని హక్కులను కోల్ట్ కంపెనీ కొనుక్కుంది. 1977లో ప్రధాన పేటెంట్ల గడువు తీరింది. అప్పట్నుంచి ఎవరైనా చేయొచ్చు, చేస్తున్నారు కూడా. చట్టం దృష్టిలో తుపాకీ అంటే సీరియల్ నంబరున్న లోయర్ రిసీవరే, అంటే ట్రిగ్గర్ ఉండే కింది భాగమే. దాని మీద కొత్త పేరున్నా లోపల బ్యారెల్, బోల్ట్ చాలాసార్లు ఎప్పట్నుంచో వాటిని చేస్తున్నవాళ్లవే అయి ఉంటాయి. కొత్త కంపెనీలో తేడా వచ్చేది బిగింపులో, తనిఖీలో. పెద్దాయన రైఫిల్‌లో జరిగింది అదే. కాబట్టి ఓనర్ల అభిప్రాయాల్లో "సూపర్", "వేస్ట్" అన్న మాటలు వదిలేయండి. కొత్తగా కొన్నవాడు రెండు వందల రౌండ్లకే మెచ్చుకుంటాడు, దెబ్బతిన్నవాడు తూటా ఏదో చెప్పకుండానే తిడతాడు. లోపం వచ్చినప్పుడు కంపెనీ ఎన్ని రోజుల్లో జవాబిచ్చింది, బాగు చేసిచ్చిందా, అదే లోపం ఇంకెంతమందికి వచ్చింది అన్నవే చూడండి. ధర తక్కువని చెప్పి కొత్త కంపెనీని కొట్టిపారేయడం నాకు నచ్చదు. తనిఖీ సరిగ్గా చేసి, ఫోన్ ఎత్తే కంపెనీ అయితే నేనే కొనమంటాను.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

మిల్-స్పెక్ అని రాసి ఉంటే సైన్యం రైఫిల్‌తో సమానమని కాదు. కొన్ని పార్టుల కొలత, లోహం గురించి చెప్పే మాట అది.

.223, 5.56 అనేవి చూడటానికి ఒకేలా ఉండే రెండు రకాల తూటాలు. .223 తూటా 5.56 ఛాంబర్‌లో వేయొచ్చు. 5.56 తూటాను .223 ఛాంబర్‌లో వేయకూడదు. .223 వైల్డ్ అనే ఛాంబర్ అయితే రెండూ నడుస్తాయి. బ్యారెల్ మీద ఏం రాసి ఉందో చదవండి.

.300 బ్లాకౌట్ అనే వేరే రకం తూటా వేసే రైఫిల్ కూడా ఇంట్లో ఉంటే మాత్రం మ్యాగజైన్లు వేరుగా పెట్టి రంగు టేపు వేయండి. ఆ తూటా 5.56 మ్యాగజైన్‌లోకి ఎక్కుతుంది, ఒక్కోసారి ఛాంబర్‌లోకీ ఎక్కుతుంది. ట్రిగ్గర్ నొక్కితే రైఫిల్ మొహం దగ్గరే పేలిపోతుంది.

"వీసా మీద ఉన్నాను, ఫ్రెండ్ పేరు మీద కొంటాను" అనేవాళ్లకు దండం పెట్టి చెప్తున్నాను, వద్దు. తుపాకీ కొనేటప్పుడు షాపులో నింపే ఫామ్ 4473లో మొదట అడిగేదే నిజంగా కొనేది మీరేనా అని. 2022లో వచ్చిన ఫెడరల్ చట్టం తర్వాత ఇలా ఇంకొకరి కోసం కొనడానికి 15 ఏళ్ల దాకా జైలు ఉంది. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు కొనొచ్చు. హెచ్-1బీ, ఎఫ్-1 మీద ఉన్నవాళ్లకు చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు లాంటి మినహాయింపు లేకపోతే రేంజ్‌లో అద్దెకు తీసుకుని పట్టుకోవడం కూడా ఫెడరల్ నేరం. దీని మీద ఎవరి అభిప్రాయమూ పనికిరాదు, లాయర్‌నే అడగండి.

ఇక, వారంటీ అంటే మళ్లీ షాపు ద్వారా కాగితాలన్నీ నింపాలేమోనని చాలామంది ఊరుకుంటారు. అక్కర్లేదు. ఫెడరల్ చట్టం ప్రకారం రిపేరు కోసం మీ రైఫిల్‌ను లైసెన్సున్న తయారీదారుకు మీరే నేరుగా పంపొచ్చు. బాగు చేశాక వాళ్లూ నేరుగా మీ ఇంటికే పంపొచ్చు, మళ్లీ 4473 ఉండదు. కొన్ని రాష్ట్రాల్లో అదనపు నిబంధనలు ఉంటాయి, అవి కనుక్కోండి. పంపేటప్పుడు తూటాలు, మ్యాగజైన్‌లో ఒక్క రౌండ్ కూడా, అందులో ఉండకూడదు. కాగితం మీద ఇప్పటిదాకా కాల్చిన రౌండ్లు ఎన్ని, తూటా ఏ కంపెనీది, ఎన్ని గ్రెయిన్లది (బుల్లెట్ బరువు), ఏ మ్యాగజైన్లు వాడారు, ఎలా ఆగుతోంది అన్నవి రాయండి. ఆగిన స్థితిలో తీసిన ఫోటో ఉంటే జత చేయండి. తిట్లు రాయకండి, వాళ్ల మెకానిక్ చదివేది అదే కాగితం.