ముసలి ఎలుకలో ముందుగా అలసిపోయేది

చిత్తూరు పాడిరైతు ఆవు 21 రోజులకోసారి ఎదకు వస్తుందని లెక్క పెట్టుకుంటాడు. ఎలుకకు ఆ చక్రం నాలుగైదు రోజులే. తిరుపతిలో జంతుశాస్త్రం చదివే రోజుల్లో పొద్దున్నే మా మొదటి పని ఆ లెక్క చూడడం. ఉప్పునీటి చుక్కతో యోనిస్రావం తీసి, గాజుపలక మీద పరిచి, సూక్ష్మదర్శినిలో కణాల ఆకారాన్ని బట్టి దశ రాసుకునేవాళ్లం.

ఏడాది వయసు దాటిన ఎలుకల పేజీలు వేరుగా ఉండేవి. మొదట చక్రం తప్పేది. ఆ తర్వాత వారాల తరబడి ప్రతి ఉదయం ఎద దశకు గుర్తయిన అవే పొలుసుల్లాంటి కణాలు. ఎద ఆగదు, అండం విడుదల కాదు. అండాలు అయిపోయాయి కాబోలు అనుకున్నాను. అది పొరపాటు. ఆ అండాశయాల్లో అండాలు పెరిగే చిన్న సంచులు ఇంకా మిగిలే ఉంటాయి.

వయసులో ఉన్న ఎలుకలో ఎదకు ముందురోజు అండాశయం నుంచి వచ్చే ఈస్ట్రోజెన్ హార్మోను బాగా పెరుగుతుంది. ఆ కబురు అందుకున్న కిస్‌పెప్టిన్ అనే నాడీకణాలు, మెదడు అడుగున ఉండే హైపోథాలమస్‌లోని జీఎన్‌ఆర్‌హెచ్ కణాలను తట్టి లేపుతాయి. పిట్యూటరీకి ఆదేశం పంపేవి ఇవే. మధ్యాహ్నం దాటాక మెదడు కిందనున్న పిట్యూటరీ గ్రంథి నుంచి, అండాన్ని విడుదల చేయించే ఎల్‌హెచ్ హార్మోను ఉప్పెనలా వస్తుంది. ఆ రాత్రే అండం విడుదలవుతుంది. నడివయసులో ఈ ఉప్పెన ఆలస్యమవుతుంది, ఎత్తూ తగ్గుతుంది. జీఎన్‌ఆర్‌హెచ్ కణాల సంఖ్య పెద్దగా తగ్గదు. పిలుపుకు పలికేవే తక్కువవుతాయి.

ముందుగా అలసిపోయేది అండాశయం కాదు, మెదడని పట్టిచ్చిన ప్రయోగాలు నాకు ఇప్పటికీ అబ్బురమే. 1972లో పెంగ్, హువాంగ్ అనే పరిశోధకులు ముసలి ఎలుక అండాశయాన్ని పడుచు ఎలుకలో అమర్చితే, అది మళ్లీ చక్రం ప్రకారం పనిచేసింది. మరుసటి ఏడాది అమెరికాలో జోసెఫ్ మీట్స్ బృందం, చక్రం ఆగిన ముసలి ఎలుకలకు ఎల్-డోపా ఇచ్చింది. పార్కిన్సన్ వ్యాధికి వాడే మందు అది, మెదడులో డోపమిన్‌ను పెంచుతుంది. కొన్నిటిలో చక్రాలు తిరిగి మొదలయ్యాయి.

స్త్రీల విషయం ఇలా కాదు. ఇక్కడ ముందుగా నిండుకునేది అండాశయమే. ఈస్ట్రోజెన్ పడిపోతుంది, దాని అదుపు లేక పిట్యూటరీ హార్మోన్లు ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ పెరుగుతాయి. అందుకే ఎలుకలో దొరికిన జవాబును ఉన్నదున్నట్టు మనిషికి అతికించడం నాకు నచ్చదు.

అయినా మెదడుకు ఇందులో పెద్ద పాత్రే ఉంది. నెలసరి ఆగిన రోజుల్లో మా అమ్మ అర్ధరాత్రి ఒళ్లంతా ఆవిర్లు కమ్మి లేచి, పంఖా కింద కూర్చునేది. తిరుపతి ఎండలే కారణమనుకున్నాం. ఈస్ట్రోజెన్ అదుపు తప్పిన హైపోథాలమస్ నాడీకణాలు, పక్కనే ఉన్న శరీర ఉష్ణోగ్రత నియంత్రణను కదిలించడం వల్ల ఆ వేడి పుడుతుంది. ఆ కణాల సంకేతాన్ని అడ్డుకునే ఫెజోలినెటాంట్ అనే మందుకు 2023లో అమెరికాలో అనుమతి లభించింది. అది హార్మోను కాదు.