అడవి మంటలు, వాలంటీర్లు: అపోహలు - వాస్తవాలు

శివరాత్రి దాటి ఎండ ముదిరిందంటే మా వాలంటీర్లకు ఫోన్లు మొదలవుతాయి. "కొండపల్లి వైపు కొండ మీద మంట కనిపిస్తోందండీ, మేమూ వచ్చి ఆర్పుతాం" అంటారు విజయవాడ కుర్రాళ్లు. అలాంటి మనసున్నవాళ్లు ఇంకా ఎందరో కావాలి. అయితే రాకముందు ఈ సంగతులు తెలుసుకోండి.

అపోహ: వాలంటీరంటే మంట దగ్గరికి పరుగెత్తాలి.

వాస్తవం: మంట పుట్టకముందు చేసే పనే అసలు పని. ఎండలు ముదరకముందే అటవీ సిబ్బందితో కలిసి ఫైర్ లైన్ల (మంట దాటకుండా అడవిలో ఖాళీగా ఉంచే బాటల) మీద రాలిన ఆకులు, ఎండుగడ్డి ఊడ్చి, మట్టి కనిపించేలా చేయాలి. మంట అక్కడికి వచ్చేసరికి కాలడానికి ఏమీ ఉండకూడదు. ఫొటోలకు పనికిరాని, నడుము నొప్పి పుట్టించే పని ఇది. అడవిని కాపాడేది మాత్రం ఇదే.

అపోహ: వెదురు రాపిడికో, ఎండ వేడికో అడవి దానంతటదే అంటుకుంటుంది.

వాస్తవం: మన దేశంలో అడవి మంటల్లో 90 శాతానికి పైగా మనుషుల వల్ల వచ్చేవే. ఆర్పకుండా విసిరిన బీడీ, వండుకుని వదిలేసిన పొయ్యి, తేనెపట్టుకు పెట్టిన పొగ, కొత్త గడ్డి కోసం పెట్టిన నిప్పు.

గడ్డి సంగతి కాపరులతో నిదానంగా మాట్లాడాలి. కాల్చిన చోట పచ్చగా చిగురు వస్తుందని వాళ్లనే మాట నిజమే, దాన్ని కొట్టిపారేయకండి. కానీ ఏటా కాలిస్తే చెట్ల మొలకలు బతకవు, తొలకరి వానకే పైమట్టి కొట్టుకుపోతుంది. కొండపల్లి బొమ్మలు చెక్కే తెల్లపొణికి కూడా ఒకప్పుడు లేత మొక్కే కదా!

అపోహ: ఫైరింజన్ రాకపోతే ఏమీ చేయలేం.

వాస్తవం: మన ఆకురాల్చే అడవుల్లో మంట ఎక్కువగా నేలబారునే పాకుతుంది. పచ్చి మండలతో కొట్టి, ముందున్న ఆకులు తీసేసి ఆర్పుతారు. ఫైరింజన్ ఎక్కలేని కొండల మీద ఇదే దారి.

అపోహ: ధైర్యం ఉంటే చాలు.

వాస్తవం: 2018 మార్చిలో తమిళనాడులోని కురంగణి కొండల్లో మంటలు చుట్టుముట్టి 20 మందికి పైగా ట్రెక్కర్లు చనిపోయారు. మంట ఎగువకే వేగంగా పరుగెడుతుంది. వాలు 10 డిగ్రీలు పెరిగితే దాని వేగం దాదాపు రెట్టింపవుతుంది. అందుకే మంటకు పైవైపున ఎప్పుడూ నిలబడకండి. తప్పించుకోవడానికి, అప్పటికే కాలిపోయి చల్లారిన నేల ఎటు ఉందో ముందే చూసి పెట్టుకోండి. నైలాన్ బట్టలు కరిగి ఒంటికి అంటుకుంటాయి, నిండు చేతుల నూలు బట్టలే వేసుకోండి. ఎదురు మంట పెట్టడం, అంటే వచ్చే మంటకు కాలడానికి ఏమీ మిగలకుండా దాని ముందున్న ఆకుల్ని మనమే కాల్చేయడం, సిబ్బంది పని, మనది కాదు. అనుమతి లేకుండా రిజర్వు ఫారెస్టులోకి వెళ్లడం కూడా నేరమే.

అపోహ: ఉపగ్రహాలు ఉన్నాయి కదా, మనం చెప్పడమెందుకు?

వాస్తవం: ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఉపగ్రహాల సాయంతో మంటలు గుర్తించి ఎస్సెమ్మెస్‌లు పంపుతుంది. పేరు నమోదు చేసుకుంటే మనకూ వస్తాయి. కానీ ఉపగ్రహం ఆ వైపు వచ్చినప్పుడే చూస్తుంది, అప్పుడే పుట్టిన చిన్న మంట దాని కంట పడకపోవచ్చు. డాబా మీద నుంచి మీరు చూసిన పొగ అంతకంటే ముందు కబురు.

ఆరిందనుకున్న మంటను వదిలి రాకండి. మొద్దుల్లో నిప్పు గంటల తరబడి రగులుతూనే ఉంటుంది, గాలి తోలితే మళ్లీ లేస్తుంది.

వాలంటీరుగా చేరాలంటే సంక్రాంతి లోపే దగ్గర్లోని అటవీ రేంజ్ ఆఫీసులో అడగండి. మంట చూసి ఫోన్ చేసేటప్పుడు ఏ కొండ, ఏ వైపు, గాలి ఎటు తోలుతోంది, దగ్గర్లో ఇళ్లున్నాయా, ఈ నాలుగూ చెప్పండి.