ఒకే ఇంట్లో కుక్కల కాట్లాట: అపోహలు, వాస్తవాలు

ఇంటికి రెండో కుక్క వచ్చిన ఏడాదికో రెండేళ్లకో మా క్లినిక్‌కి పరిగెత్తుకొచ్చే కుటుంబాలు దాదాపు ఒకే మాట చెబుతాయి: "డాక్టర్ గారూ, నిన్నటిదాకా ఒకే గిన్నెలో తిన్నాయి, ఇవాళ చంపుకున్నంత పని చేశాయి." పశువైద్యురాలిగా గాయాలకు కుట్లు వేయడం నాకు పెద్ద పని కాదు. ఇక్కడికి వచ్చేలోపు చుట్టుపక్కలవాళ్లు చెప్పిన సలహాలను వాళ్ల మనసులోంచి తీసేయడమే అసలు పని.

అపోహ: ఎవరు లీడరో అవే తేల్చుకుంటాయి, మనం మధ్యలో వెళ్లకూడదు.

అన్నిటికన్నా ఎక్కువ కుక్కల్ని గాయపరిచిన సలహా ఇదే. దీని మూలం 1947 నాటిది. స్విట్జర్లాండ్‌లోని బాసెల్ జూలో ఒకే ఎన్‌క్లోజర్‌లో ఉంచిన తోడేళ్లను జంతు ప్రవర్తన శాస్త్రవేత్త రుడాల్ఫ్ షెంకెల్ గమనించి, అవి పెత్తనం కోసం పోట్లాడుకుంటాయని రాశారు. అడవిలో తోడేళ్ల గుంపంటే చాలావరకు తల్లి, తండ్రి, వాటి పిల్లలున్న కుటుంబమేనని, అక్కడ పెద్దరికం కోసం రోజూ యుద్ధాలు జరగవని తోడేళ్ల మీద పరిశోధన చేసిన శాస్త్రవేత్త డేవిడ్ మెక్ 1999లో వివరంగా రాశారు. కానీ మన దగ్గర ఇప్పటికీ "ఆల్ఫా", అంటే గుంపు మీద పెత్తనం చేసే లీడర్, అన్న మాటే నడుస్తోంది.

నా దగ్గరకు వచ్చే కాట్లాటల వెనుక ఉండేవి చాలా మామూలు విషయాలు. సోఫా కింద దొరికిన బొమిక, వంటింటి గడప, ఆఫీసు నుంచి వచ్చిన అయ్యగారి ఒడి. లేదంటే భయం, నొప్పి. వదిలేస్తే అవి సర్దుకోవు. ఎదుటి కుక్క కనబడితే ప్రమాదం అనే పాఠాన్ని ప్రతి కాట్లాటా రెండింటికీ మళ్లీ నేర్పుతుంది. రెండోసారి ఇంకా త్వరగా, ఇంకా గట్టిగా కరుస్తాయి. కుక్కను వెల్లకిలా పడేసి మెడ నొక్కి "నేనే లీడర్" అనిపించుకునే పద్ధతి కూడా ఈ కోవలోదే. దయచేసి చేయకండి. భయంతో ఉన్న కుక్కకు భయం పెరుగుతుంది, మీ మొహం దాని పళ్లకు అందుతుంది.

అపోహ: ఏ కారణం లేకుండా ఉన్నట్టుండి మీద పడింది.

ఇలా చెప్పినవాళ్లను నేను కాట్లాట వీడియో అడగను, మామూలు వీడియో అడుగుతాను. సాయంత్రం ఫోన్‌ను టీవీ స్టాండ్ మీద పెట్టి ఓ గంట రికార్డు చేయమంటాను. అలా వచ్చిన ఒక వీడియోలో పామరేనియన్ వంటింటి గడపకు అడ్డంగా పడుకుని ఉంది. లోపల ఇంటావిడ చికెన్ కడుగుతున్నారు. హాల్లోంచి లాబ్రడార్ లేచి అటు నడిచింది. పామరేనియన్ లేవలేదు, మొరగలేదు. ఊపుతున్న తోక ఆపేసింది. తెరిచి ఉన్న నోరు మూసింది. తల కదపకుండా కళ్లు మాత్రమే తిప్పింది, కంటి మూల తెల్లగా కనబడింది. లాబ్రడార్ ఆగి, మూతి నాక్కుని, మొహం పక్కకు తిప్పుకుని వెనక్కి వచ్చేసింది. కాసేపటికి మళ్లీ లేచింది, మళ్లీ అదే జరిగింది. మూడోసారి వెళ్తుండగా కాలింగ్ బెల్ మోగింది. రెండూ ఒకేసారి తలుపు వైపు దూకాయి. చెప్పుల స్టాండ్ దగ్గర ఇరుకులో ఒకదాని భుజం ఇంకోదానికి తగిలింది, అంతే.

ఇంట్లోవాళ్లకు గుర్తున్నది ఆ చివరి క్షణమే. లాబ్రడార్ పెద్దది కాబట్టి తప్పంతా దానిదే అనుకున్నారు. అది పాపం అరగంట నుంచి గొడవ తప్పించుకోవడానికే చూస్తోంది.

కదలకుండా బిగుసుకుపోవడం, రెప్పవేయని చూపు, దారికి అడ్డంగా పడుకోవడం, ఎదుటిదాని భుజాల మీద గడ్డం ఆనించి నిలబడటం, తినేది చప్పున మింగేయడం. వీటిని పట్టుకుంటే గోటితో పోయేది గొడ్డలిదాకా రాదు. ఆ సమయంలో అరవకండి. మామూలు గొంతుతో పేరు పెట్టి పిలిచి, ఒకదాన్ని వేరే గదికి తీసుకెళ్లండి. గడప దగ్గర పడుకునే అలవాటుంటే పరుపును అక్కణ్నుంచి మార్చండి. బెల్ మోగితే ముందు ఒక కుక్క గదిలోకి, తర్వాతే తలుపు తీయడం.

అపోహ: గుర్రుమంటే అక్కడే కొట్టి మాన్పించాలి.

మొరిగే కుక్క కరవదని సామెత. మొరిగే కుక్కా కరుస్తుంది, కాకపోతే ముందు చెప్పి కరుస్తుంది. గుర్రుమనడం "నాకు ఇబ్బందిగా ఉంది, దూరం జరుగు" అని చెప్పడం. దాన్ని కొట్టి మాన్పిస్తే ఇబ్బంది పోదు, హెచ్చరిక పోతుంది. ఆ తర్వాత వచ్చేది నేరుగా కాటు. పైగా పక్క కుక్క దగ్గరికి వచ్చినప్పుడల్లా దెబ్బ పడుతుంటే, ఆ దెబ్బకు కారణం పక్క కుక్కేనని దానికి అర్థమవుతుంది.

అపోహ: అక్కచెల్లెళ్లు, ఒకే ఈతలో పుట్టాయి, ఎందుకు కొట్టుకుంటాయి?

కొట్టుకుంటాయి. ఒక్కోసారి అందరికన్నా ఎక్కువగా కొట్టుకుంటాయి. కుక్క మానసికంగా పెద్దదయ్యేది సుమారు ఒకటి నుంచి మూడేళ్ల మధ్య. పిల్లలుగా ఉన్నప్పటి సర్దుబాటు ఆ వయసులో చెడటం చాలా ఇళ్లలో చూస్తాం. 2011లో అమెరికా పశువైద్య పత్రికలో ఒకే ఇంట్లో పోట్లాడుకునే 38 జతల మీద అధ్యయనం వచ్చింది. అందులో 79 శాతం జతలు ఒకే లింగానివి. 68 శాతం జతల్లో కనీసం ఒక ఆడకుక్క ఉంది. గొడవ మొదలుపెట్టేది ఎక్కువగా ఇంటికి తర్వాత వచ్చిన కుక్క, వయసులో చిన్నది. "ఆడకుక్కలు సాధువులు" అని రెండో ఆడకుక్కను తెచ్చుకునేవాళ్లు ఇది ఒకసారి ఆలోచించాలి.

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే అన్నీ తగ్గిపోతాయన్నదీ సగం నిజమే. ఆపరేషన్ కాని రెండు మగకుక్కలు వీధిలో ఎదకు వచ్చిన ఆడకుక్క వాసనకు కొట్టుకుంటుంటే ఉపయోగం ఉంటుంది. బొమిక కోసమో, భయంతోనో కొట్టుకునేవాటికి ఆపరేషన్ మందు కాదు.

అపోహ: వయసైపోయింది, అందుకే చిరాకు.

వయసు జబ్బు కాదు, నొప్పి జబ్బు. చెవిలో ఇన్ఫెక్షన్, పుచ్చిన పన్ను, తుంటి కీలు అరుగుదల ఉన్న కుక్క మీదికి కుర్ర కుక్క ఆడుకుందామని దూకితే కరుస్తుంది. అంతవరకు మంచిగా ఉన్న కుక్క మారిందంటే ముందు పూర్తి పరీక్ష, తర్వాతే ట్రైనర్.

పచ్చి మాంసం పెడితే క్రూరంగా మారుతుందనేది, మిరపకాయ తింటే పౌరుషం వస్తుందనేది వట్టి మాటలు. మాంసం దగ్గర కాపలా కాసే గుణం వేరే సంగతి. దానికి విరుగుడు తలుపులేసిన వేర్వేరు గదుల్లో తిండి పెట్టడమే.

అపోహ: కొట్టుకుంటుంటే మెడ పట్టీలు పట్టుకుని లాగాలి.

మనుషులకు కాట్లు పడేది ఎక్కువగా ఇలాగే. ఆ వేడిలో అది మీ చెయ్యో ఎదుటి కుక్క మెడో చూసుకోదు. బకెట్ నీళ్లు గుమ్మరించండి, దుప్పటి కప్పండి, మధ్యలోకి ప్లాస్టిక్ కుర్చీనో అట్టముక్కనో తోయండి. విడిపోగానే చెరో గదిలో పెట్టి తలుపులేయండి.

పళ్ల గాయం పైకి చిన్న చిల్లులా ఉన్నా లోపల కండ చీలిపోయి ఉండొచ్చు. పసుపు, కాఫీ పొడి అద్ది ఊరుకోకుండా అదే రోజు చూపించండి. మన నొప్పి మాత్రలు వేయకండి. ఐబుప్రొఫెన్ కుక్క కడుపును, కిడ్నీలను దెబ్బతీస్తుంది. మనిషికి కాటు పడితే, మన కుక్కే కదా, టీకాలు వేయించాం కదా అనుకోవద్దు. సబ్బుతో, ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు డాక్టర్‌ను కలవండి.

అపోహ: మర్నాడే పక్కపక్కన కూర్చోబెట్టి రాజీ చేయాలి.

ఒంట్లో ఆ టెన్షన్ దిగడానికే కొన్ని రోజులు పడుతుంది. దీపావళి టపాసులు, ఇంటినిండా చుట్టాలు ఉన్న రోజుల్లో ఇంకా ఎక్కువ. అందాకా పూర్తిగా విడిగా ఉంచండి. రెండు బెడ్‌రూముల ఫ్లాటైనా కుదురుతుంది. ఒకటి హాల్లో ఉంటే ఇంకోటి గదిలో, కొన్ని గంటలకోసారి మార్పు. పరుపులు మార్చి వేస్తే వాసనలు అలవాటవుతాయి. తర్వాత ఇద్దరు మనుషులు చెరో కుక్కను పట్టుకుని, రోడ్డుకు చెరో వైపున ఒకే దిక్కుగా నడవండి. రెండోదాన్ని చూసి కూడా నింపాదిగా నడిచిన ప్రతిసారీ చిన్న చికెన్ ముక్క. దూరాన్ని రోజుల మీద తగ్గించండి. బిగుసుకుపోతే వెనక్కి వెళ్లండి. ఈలోపు బుట్టలాంటి మజిల్ అలవాటు చేయండి. ఎద్దు మూతికి కట్టే చిక్కంలా ఉంటుంది, నోరు తెరిచి రొప్పడానికి, నీళ్లు తాగడానికి వీలిస్తుంది. మూతిని బిగించి కట్టే గుడ్డది వద్దు. ఇంట్లో మళ్లీ కలపడం ఆఖరి మెట్టు. అక్కడికి వారాలు పట్టొచ్చు, నెలలు పట్టొచ్చు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు మాత్రం ఎన్నాళ్లయినా కలిపి వదలకండి.

అపోహ: ఒకదాన్ని వేరే ఇంటికి ఇస్తే ద్రోహం చేసినట్టే.

కాదు. ప్రతిసారీ లోతు గాయాలవుతున్నా, ఒకటి చాలా చిన్నదై రెండోది చాలా పెద్దదైనా, దేనికి కొట్టుకుంటున్నాయో వీడియోలు చూసినా అంతుపట్టకపోయినా, ఇంట్లో చిన్నపిల్లలున్నా, నేనే ఆ మాట ఎత్తుతాను. రోజంతా గదిలో భయంతో బతికే కుక్కకు, ఒంటరిగా పెరిగే ఇల్లు దొరకడం మేలే. ఇచ్చేటప్పుడు ఏదీ దాచకండి. దేని దగ్గర కొట్టుకున్నాయి, ఎంత గాయం అయింది, దేనికి భయపడుతుంది, ఇవన్నీ కాగితం మీద రాసి టీకాల కార్డుతో పాటు ఇవ్వండి. ఎక్కడో దూరంగా వీధిలో వదిలేయడం మాత్రం వద్దే వద్దు. ఇంట్లో పెరిగినదాన్ని ఆ వీధి కుక్కలు బతకనివ్వవు, ఆకలికీ దప్పికకూ వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం కూడా.