పిల్లల ఓపీ పోస్టింగ్ అంటే బరువు చూడటమేనా?

పిల్లల ఓపీ పోస్టింగ్ (ట్రైనింగ్‌లో భాగంగా అక్కడ కొన్నాళ్లు పని చెయ్యడం) ఎలా జరిగిందని నర్సింగ్ స్టూడెంట్స్‌ని అడగండి, చాలామంది చెప్పేది ఒకటే, పొద్దున్నించీ బరువు చూశాం, ఎత్తు కొలిచాం, పేర్లు పిలిచాం, అయిపోయింది. వార్డులో అయితే ఒకే బిడ్డని మూడు నాలుగు రోజులు చూస్తారు, జ్వరం దిగడం కళ్లారా చూస్తారు. ఓపీలో ఆ బిడ్డ పది నిమిషాల్లో వెళ్లిపోతుంది, తర్వాత ఏమైందో తెలీదు. ఇది ఇవాళ పుట్టిన సమస్య కాదు.

1769లో లండన్‌లో జార్జ్ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే డాక్టర్ పేద పిల్లల కోసం డిస్పెన్సరీ పెట్టాడు. అందులో పడకల్లేవు, చూసి మందిచ్చి పంపడమే, ఎందుకంటే జబ్బు చేసిన బిడ్డని తల్లి నుంచి విడదీస్తే దాని గుండె పగిలిపోతుందని ఆయన గట్టిగా నమ్మాడు. 1852లో అదే ఊళ్లో గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆస్పత్రి 10 పడకలతో మొదలైంది. 1860లో సెయింట్ థామస్ ఆస్పత్రిలో నైటింగేల్ నర్సింగ్ స్కూల్ వచ్చింది, అక్కడ నేర్చుకోవడమంటే వార్డులో పని చేస్తూ నేర్చుకోవడమే. ఆ పద్ధతే చాలా దేశాలకి పాకింది, నర్సు అంటే పడక పక్కన ఉండే మనిషి అని మనసుల్లో పడిపోయింది.

పిల్లల వైద్యం మాత్రం మళ్లీ పడక దాటి బయటికొచ్చేసింది. గ్లాస్గోలో జేమ్స్ నికోల్ అనే సర్జన్ పదేళ్లలో ఓపీ పద్ధతిలోనే 8,988 ఆపరేషన్లు చేశానని 1909లో రాశాడు, వాళ్లలో ఎక్కువమంది చిన్నపిల్లలే, ఆపరేషన్ అవగానే తల్లి ఒళ్లో ఇంటికి పంపేవాడు, నర్సులు ఇళ్లకెళ్లి చూసొచ్చేవాళ్లు. 1959లో బ్రిటన్‌లో, ఆస్పత్రిలో పిల్లల బాగోగుల మీద వచ్చిన ప్లాట్ రిపోర్ట్ కూడా తప్పకపోతేనే పిల్లల్ని అడ్మిట్ చెయ్యమంది. బిడ్డ ఓపీకి వచ్చేసింది కానీ ట్రైనింగ్ ఇంకా వార్డు చుట్టూనే తిరుగుతోంది, నా బాధంతా అదే.

ఎందుకంటే ఆ బరువు చూడటంలోనే బోలెడు ఉంది. బట్టలు విప్పి బిడ్డని స్కేలు మీద పడుకోబెడతాం, ఏడుస్తుంది, తల్లి ఒక చెయ్యి పట్టుకుని "రాత్రి నుంచి పాలు సరిగా తాగట్లేదమ్మా" అని మెల్లిగా అంటుంది. ఆ మాట చాలాసార్లు లోపల డాక్టర్‌కి చెప్పదు, భయమో తొందరో. ఇక బిడ్డ ఎదుగుదల గీసే గ్రోత్ చార్ట్‌లో పోయిన నెల చుక్క పక్కన ఇవాళ్టి చుక్క పెడితే గీత కిందికి దిగుతోందా లేదా అన్నది మొదట కనిపించేది స్టూడెంట్‌కే. కానీ ఆ గీత చూడమని పక్కన నిలబడి చెప్పేవాళ్లుండాలి కదా, రద్దీలో స్టాఫ్ నర్సుకి తలెత్తే టైమే ఉండదు, అంకె రాసి చీటీ లోపలికి పంపేస్తారు, స్టూడెంట్ బయటే ఉండిపోతుంది.

రోజుకి ఒక్క బిడ్డతోనైనా స్కేలు దగ్గర్నించి లోపలికి వెళ్లి, మందు ఎలా వెయ్యాలో తల్లికి చెప్పేదాకా ఉండనివ్వండి, మళ్లీ చూపించుకోడానికి వచ్చిన రోజు ఆ స్టూడెంట్‌నే పిలవండి.