ఫీష్, ఫిష్, ఫష్

పిండిలో ముంచి వేయించిన చేప, దాని పక్కన లావుపాటి బంగాళాదుంప ముక్కల వేపుడు: ఇదే బ్రిటన్ వారి ఫిష్ అండ్ చిప్స్. వలసదారుల వెంట ఈ వంటకం ఆస్ట్రేలియాకూ న్యూజీలాండ్‌కూ చేరింది. అక్కడ దాని పేరు పలికితే చాలు, మనిషిది ఏ దేశమో తెలిసిపోతుంది. ఆస్ట్రేలియా వారు ‘ఫీష్ అండ్ చీప్స్’ అంటారని న్యూజీలాండ్ వారు, న్యూజీలాండ్ వారు ‘ఫష్ అండ్ చప్స్’ అంటారని ఆస్ట్రేలియా వారు ఒకరినొకరు వెక్కిరించుకుంటారు. ఇందులో అతిశయోక్తి ఉన్నా అబద్ధం లేదు. ఇంగ్లీషు స్పెల్లింగు దాచేసే ఈ తేడాను మన గుణింతం కొంతవరకైనా పట్టుకోగలదు.

‘ఫి’ అనేటప్పుడు నాలుక ముందుభాగం పైకి లేస్తుంది. ఆస్ట్రేలియాలో అది ఇంకాస్త పైకి, ముందుకు వెళ్తుంది. న్యూజీలాండ్‌లో మాత్రం వెనక్కి తగ్గి నోటి మధ్యకు చేరడంతో మన చెవికి దాదాపు ‘అ’లా వినిపిస్తుంది. ఈ జరుగుడు ఒక్క అచ్చుకే పరిమితం కాలేదు. అక్కడ ‘బ్యాడ్’ అచ్చు ‘బెడ్’ వైపు, ‘బెడ్’ అచ్చు ‘బిడ్’ వైపు జరిగాయి; బెంచీ మీద అందరూ ఒకవైపే జరిగితే చివరివాడు లేవక తప్పనట్టు, ‘బిడ్’లోని ‘ఇ’ తన చోటు విడిచింది. అందుకే న్యూజీలాండ్ వారు పెన్ను అడిగితే కొత్తవారు పిన్ను అందిస్తారు.

ఇంతకంటే విచిత్రం వినేవారి చెవిది. న్యూజీలాండ్‌కు చెందిన జెన్నిఫర్ హే, ఆమె సహ పరిశోధకులు 2006లో ప్రచురించిన ప్రయోగంలో, న్యూజీలాండ్ వారికి న్యూజీలాండ్ గొంతునే వినిపించి, విన్న అచ్చు ఏదో గుర్తించమన్నారు. కొందరి జవాబు కాగితాల మీద ‘ఆస్ట్రేలియన్’ అని రాసి ఉంది. వినిపిస్తున్నది తమ దేశపు గొంతేనని చాలామందికి తెలిసినా, వారి జవాబులు ‘ఫీష్’ వైపు మొగ్గాయి. 2010 నాటి ప్రయోగంలో ఆ రాత కూడా లేదు. ఆస్ట్రేలియా జంతువులైన కంగారూ, కోలా బొమ్మలు కంట పడేలా ఉంచితే చాలు, న్యూజీలాండ్ పక్షి కివీ బొమ్మలు చూసినవారితో పోలిస్తే జవాబులు మారాయి.

పాటలో ఈ యాస ఏమవుతుంది? ఆండీ గిబ్సన్ అనే పరిశోధకుడు న్యూజీలాండ్ గాయకుల చేత ఒకే సాహిత్యాన్ని పాడించి, చదివించి పోల్చాడు. చదివినప్పుడు వినిపించిన సొంత యాస, పాడినప్పుడు చాలావరకు అమెరికన్ ఉచ్చారణకు చోటిచ్చింది. అది వారు పనిగట్టుకుని చేసే అనుకరణ కాదు. పాప్ సంగీతంలో అమెరికన్ ఉచ్చారణే అలవాటైన దారి కావడంతో, సొంత యాసలో పాడాలంటేనే ప్రయత్నం కావాలి. పాట ఆపి మాట్లాడటం మొదలుపెట్టగానే ‘ఇ’ మళ్లీ నోటి మధ్యకు వచ్చేస్తుంది.