కెల్టిక్ జాతుల లెక్క: 1904లో పడిన ముడి

ఐరిష్, వెల్ష్ వంటి ఒకే కుటుంబపు పాత ఐరోపా భాషలకు వారసులైనవాళ్లను కెల్టిక్ జాతులంటారు. ఫ్రాన్స్ పశ్చిమ తీరాన ఉన్న లోరియాన్‌లో ఏటా ఆగస్టులో వారి ఉత్సవం జరుగుతుంది. దాంతోపాటే, ఎవరిని కెల్టిక్ జాతిగా లెక్కించాలన్న పాత తగువూ తలెత్తుతుంది. స్పెయిన్ ఉత్తరాదిన ఉన్న గలీసియా, అస్తూరియాస్ ప్రాంతాల వాద్యబృందాలు అక్కడి ఊరేగింపులో ఐరిష్, స్కాటిష్ బృందాలతో సరిసమానంగా నడుస్తాయి. 2019లో ఉత్సవాన్ని గలీసియా పేరిటే జరిపారు. ఈ జాతుల రాజకీయ సంస్థ అయిన కెల్టిక్ లీగ్ మాత్రం కెల్టిక్ జాతులు ఆరేనంటుంది: ఐర్లాండ్, స్కాట్లాండ్, వేల్స్, మాన్ ద్వీపం, ఇంగ్లండ్ నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్, ఫ్రాన్స్‌లోని బ్రిటనీ. స్పెయిన్ వాళ్లను అతిథులుగా ఆదరించవచ్చు గానీ సభ్యులుగా ఒప్పుకోదు.

ఈ ఆరు జాతుల భాషల చుట్టరికాన్ని 1707లో వెల్ష్ పండితుడు ఎడ్వర్డ్ లూయిద్ చూపించడం, తర్వాతి తరాల కవులు దానికి రంగులద్దడం తెలిసిన కథే. నేటి తగువు మూలం అక్కడ లేదు. 1904లో వేల్స్‌లోని కర్నార్వన్‌లో జరిగిన మహాసభలో ఉంది.

అంతకు మూడేళ్ల ముందు, 1901లో, డబ్లిన్‌లో లార్డ్ కాసిల్‌టౌన్ అధ్యక్షతన కెల్టిక్ మహాసభ జరిగింది. కార్న్‌వాల్‌ను చేర్చుకోవాలా వద్దా అన్న ప్రశ్న అప్పుడు తేలలేదు. జాతికి గుర్తు భాష అయితే, పద్దెనిమిదో శతాబ్దం ముగిసేసరికే వాడుక తప్పిన భాషతో వచ్చినవాళ్లను ఏ లెక్కన చేర్చుకోవాలి? కార్న్‌వాల్ భాష అయిన కార్నిష్‌ను చివరిగా మాట్లాడిన మనిషి 1777లో చనిపోయిన డాలీ పెంట్రీతేనని లోకం చెప్పుకుంటోంది.

దీనికి బదులు చెప్పినవాడు హెన్రీ జెన్నర్. కార్న్‌వాల్‌లో పుట్టి, బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసిన పండితుడు. కార్నిష్ నేర్చుకునేందుకు 1904లో ఒక పుస్తకం అచ్చువేశాడు. ఈ భాషతో డబ్బు రాదు, పనికీ రాదు, అయినా కార్న్‌వాల్ వాళ్లం కాబట్టి నేర్చుకోవాలన్నది అందులో ఆయన మాట. అదే ఏడాది కర్నార్వన్ సభలో కార్న్‌వాల్ కెల్టిక్ జాతేనని వాదించాడు. భాష పూర్తిగా చావలేదని, దాన్ని తెలిసినవాళ్లు ఎవరో ఒకరు ఎప్పుడూ ఉంటూనే వచ్చారని చెప్పాడు. సభ ఒప్పుకుంది. కార్న్‌వాల్ ఆరో జాతి అయింది.

గలీసియా వాదులు ఎత్తిచూపేది సరిగ్గా దీన్నే. మాట్లాడేవాళ్లే లేని కార్న్‌వాల్‌కు తలుపు తీసి, మా మొహాన ఎందుకు వేశారంటారు. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ 1904 నిర్ణయం భాష షరతును సడలించలేదు, దాన్ని బాధ్యతగా మార్చింది. జెన్నర్ చేతిలో మధ్యయుగపు మత నాటకాలున్నాయి, లూయిద్ స్వయంగా విని రాసుకున్న నోట్సు ఉంది. భాషను తిరిగి నిలబెట్టడానికి కావలసిన సరుకు అది. ఆ పని జరిగింది కూడా. 1928లో కార్న్‌వాల్‌కు తనదైన కవిమండలి ఏర్పడింది, దానికి తొలి అధినేత జెన్నరే. 2002లో బ్రిటన్ ప్రభుత్వం ప్రాంతీయ భాషల ఐరోపా ఒడంబడిక కింద కార్నిష్‌ను గుర్తించింది. 2009లో యునెస్కో దాన్ని అంతరించిన భాషల్లో రాసి, మరుసటి ఏడాది ఆ రాతను మార్చుకుంది. 2014లో కార్న్‌వాల్ ప్రజలకు జాతీయ అల్పసంఖ్యాకులుగా గుర్తింపు వచ్చింది. రెండేళ్లకే లండన్ ఈ భాషకిచ్చే నిధులను కోసేసింది, అది వేరే సంగతి. 2021 జనాభా లెక్కల్లో దీన్ని ప్రధాన భాషగా చెప్పుకున్నవారు ఆరు వందల లోపే అయినా, సున్నా నుంచి మొదలై అక్కడిదాకా వచ్చారు. మాన్ ద్వీపంలోనూ అంతే: పుట్టుకతో అక్కడి మాంక్స్ భాష వచ్చిన చివరి మనిషి నెడ్ మాడ్రెల్ 1974లో చనిపోయాడు, ఇప్పుడు అక్కడ పిల్లలకు ఆ భాషలోనే పాఠాలు చెప్పే బడి నడుస్తోంది.

1961లో వేల్స్‌లో పుట్టిన కెల్టిక్ లీగ్, సాంస్కృతిక సభల స్థాయి దాటి రాజకీయ సంఘీభావం కోరుకున్న సంస్థ. అది ఈ గీతనే పట్టుకుంది. 1980ల రెండో సగంలో గలీసియా నుంచి వచ్చిన అభ్యర్థనను కెల్టిక్ భాష లేదన్న కారణంతోనే తోసిపుచ్చింది.

గలీసియా దగ్గర ఆధారాలు లేకపోలేదు. రోమన్లు రాకముందు అక్కడ కెల్టిక్ భాష ఉండేదని ఊళ్ల పేర్లు, దేవతల పేర్లు చెబుతాయి. ఆరో శతాబ్దంలో బ్రిటన్ నుంచి వలస వచ్చినవాళ్లకు అక్కడ బ్రితోనియా అనే మేత్రాసనం (బిషప్ పాలించే చర్చి ప్రాంతం) ఉండేది, దాని బిషప్ మైలోక్ 572లో ఇప్పటి పోర్చుగల్‌లోని బ్రాగాలో జరిగిన చర్చి సభకు వెళ్లాడు. గలీసియా గీతంలో పురాణ కెల్టిక్ రాజు బ్రెయోగన్ పేరు వినిపిస్తుంది. అయితే నేటి గలీసియన్ పోర్చుగీసుకు తోబుట్టువు, లాటిన్ సంతానం. తిరిగి నేర్చుకోవడానికి జెన్నర్‌కు దొరికినటువంటి గ్రంథాలు అక్కడ లేవు.

మిగిలింది తిత్తి వాద్యం (బ్యాగ్‌పైప్). లోరియాన్ నిర్వాహకులకు అది చాలు, వారిది సంగీతోత్సవం మరి. కానీ బ్రిటనీ వాద్యబృందాలు స్కాట్లాండ్ పైప్ బ్యాండ్ల నమూనాలో తయారైనదే 1940లలో. అంత కొత్త పోలికను వంశపు గుర్తుగా ఎంచడానికి లీగ్ ఒప్పుకోదు. ఉత్సవం ఎనిమిదిని పిలుస్తుంది, లీగ్ ఆరుతో ఆగుతుంది. ఒకటి వేదిక, మరొకటి సభ్యత్వం. రెండిటినీ ఒకే లెక్కలో వేసినంత కాలం ఆగస్టు తగువు ఆగదు.