కణం లోపలి కరెంటు

మనం పీల్చే ఆక్సిజన్ చాలా మటుకు ఒకే పనికి ఖర్చవుతుంది: కణాల్లోని శక్తి కేంద్రాలైన మైటోకాండ్రియా లోపలి పొర మీద ఒక వోల్టేజీని నిలబెట్టడానికి. ఊపిరి ఆగితే నిమిషాల్లో ప్రాణం పోయేది ఆ వోల్టేజీ పడిపోవడం వల్లే.

కణాలు పనులన్నిటికీ ఏటీపీ అనే అణువును వాడతాయని స్కూల్లో చదువుకున్నదే. 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి దాన్ని కండరం నుంచి వేరుచేసింది యెల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుక్కున్నారు. ఏ క్షణంలో చూసినా మన ఒంట్లో ఉండే ఏటీపీ పదుల గ్రాములే, కానీ రోజు మొత్తంలో వాడేది పదుల కిలోలు. అంటే వాడిన అణువునే మళ్లీ మళ్లీ తయారుచేసుకుంటూ ఉండాలి. తిండిలోని శక్తి అందులోకి చేరే దారి మాత్రం ఏటీపీ దొరికాక కూడా చాలా ఏళ్లు ఎవరికీ అంతుపట్టలేదు.

శక్తిని మోసుకెళ్లే రసాయనం ఏదో మధ్యలో ఉండి తీరాలని అప్పటి శాస్త్రవేత్తల నమ్మకం. ఎంత వెతికినా అది దొరకలేదు. 1961లో పీటర్ మిచెల్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త, అసలు అలాంటి రసాయనమే లేదన్నాడు. పొరకు ఒక పక్క ప్రోటాన్లు, అంటే హైడ్రోజన్ అయాన్లు, ఎక్కువగానూ రెండో పక్క తక్కువగానూ ఉంటాయి, ఆ తేడాయే శక్తి అన్నాడు. జీవశాస్త్రంలో ఇంతకంటే సాహసమైన ఊహలు చాలా తక్కువని నా అభిప్రాయం.

ఆ తేడా ఎలా ఏర్పడుతుందో చూద్దాం. తిండి నుంచి విడిపోయిన ఎలక్ట్రాన్లు లోపలి పొరలో ఉన్న ప్రోటీన్ల వరుస గుండా ఒకదాన్నుంచి ఇంకొకదానికి మారుతూ చివరికి ఆక్సిజన్‌ను చేరి నీరవుతాయి. దారిలో మూడు చోట్ల, వాటి నుంచి విడుదలయ్యే శక్తితో ప్రోటాన్లు లోపలి నుంచి బయటి పక్కకు తోసివేయబడతాయి. పొర తనంతట తాను ప్రోటాన్లను సులువుగా పోనివ్వదు కాబట్టి అవి అక్కడే పోగుపడతాయి. తిరిగి లోపలికి వెళ్లాలన్న ఒత్తిడి వాటి మీద రెండు రకాలుగా ఉంటుంది. బయట అవి ఎక్కువ, లోపల తక్కువ. పైగా అవి ధనావేశాలు, లోపలి పక్క రుణావేశం.

వోల్టేజీ 150 మిల్లీవోల్టులకు అటూ ఇటూగా ఉంటుంది. వినడానికి చాలా తక్కువే. కానీ పొర మందం 5 నానోమీటర్ల పైచిలుకే. మీటరుకు లెక్కేస్తే సుమారు 3 కోట్ల వోల్టులు! గాలిలో నిప్పురవ్వ ఎగరడానికి మీటరుకు 30 లక్షల వోల్టులు చాలు.

మిచెల్ మాటను చాలామంది వెంటనే ఒప్పుకోలేదు. 1966లో ఆండ్రే యాగెండార్ఫ్, ఎర్నెస్ట్ ఉరీబే చేసిన ప్రయోగం చాలామందిని ఆలోచనలో పడేసింది. మొక్కల ఆకుల్లో ఏటీపీ తయారయ్యేదీ ఈ పద్ధతిలోనే. వాళ్లు పాలకూరలో వెలుతురును పట్టుకునే భాగాలైన క్లోరోప్లాస్ట్‌ల లోపలి పొర సంచులను చీకట్లో ఆమ్లద్రావణంలో, పీహెచ్ 4 దగ్గర, నానబెట్టారు (పీహెచ్ ఎంత తక్కువైతే ప్రోటాన్లు అంత ఎక్కువ). లోపలంతా ఆమ్లమయ్యాక వాటిని ఒక్కసారిగా పీహెచ్ 8 ఉన్న ద్రావణంలోకి మార్చి, ఏటీపీకి కావలసిన ముడిసరుకు కలిపారు. వెలుతురు లేదు, ఎలక్ట్రాన్ల ప్రవాహమూ లేదు. ఉన్నదల్లా లోపలికీ బయటికీ మధ్య ప్రోటాన్ల తేడా. అయినా ఏటీపీ తయారైంది. 1978లో మిచెల్‌కు రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

ప్రోటాన్లు లోపలికి తిరిగి వచ్చే దారి ఏటీపీ సింథేస్ అనే ప్రోటీన్. ఇది నిజంగానే తిరిగే యంత్రం. పొరలో దాని చక్రం ఉంటుంది. ఒక ప్రోటాన్ సగం దూరం వెళ్లే సందులోకి దూరి చక్రం మీది ఒక ఆమ్ల గుంపుకు అతుక్కుంటుంది, దాదాపు పూర్తి చుట్టు తిరిగాక రెండో సందులోంచి లోపలికి దిగిపోతుంది. చక్రంతోపాటు మధ్యలోని ఇరుసు తిరుగుతుంది. ఇరుసు చుట్టూ ఉన్న మూడు గదుల ఆకారం ఒక్కొక్కటిగా మారుతూ ఏటీపీని కూర్చి బయటికి వదులుతుంది. జంతువుల్లో ఈ చక్రానికి 8 ప్రోటాన్లు పడితే ఒక చుట్టు, ఒక చుట్టుకు 3 ఏటీపీలు. ఈ తిరుగుడును పాల్ బోయర్ ఊహించారు, జాన్ వాకర్ 1994లో నిర్మాణాన్ని చూపించారు. 1997లో ఇద్దరికీ నోబెల్‌లో భాగం దక్కింది. అదే ఏడు జపాన్ శాస్త్రవేత్తలు ఈ యంత్రం ముక్కను తలకిందులుగా గాజుపలకకు అతికించి, ఇరుసుకు మెరిసే ప్రోటీన్ పోగును కట్టి, ఏటీపీ పోశారు. మైక్రోస్కోప్ కింద ఆ పోగు గిర్రున తిరగడం కళ్లారా చూశారు.

పొరకు చిల్లు పడితే? 1930లలో బరువు తగ్గడానికి డైనైట్రోఫినాల్ అనే మందు వాడారు. అది ప్రోటాన్లను సింథేస్‌తో పనిలేకుండా పొర దాటిస్తుంది. ఏటీపీకి పోవలసిన శక్తి వేడిగా మారి ఒళ్లు కాలిపోతుంది. కొందరు ప్రాణాలు కోల్పోయారు, 1938లో అమెరికా దాన్ని మనుషులు వాడటానికి తగదని ప్రకటించింది. పుట్టిన పసిపిల్లల్లో గోధుమరంగు కొవ్వు చేసేదీ ఇలాంటి పనే, కాకపోతే అదుపులో. అక్కడ ఒక ప్రత్యేక ప్రోటీన్ ప్రోటాన్లకు దారిచ్చి, వణకకుండానే ఒంటిని వెచ్చగా ఉంచుతుంది.

ఈ యంత్రం వెనక్కి కూడా తిరగగలదు. గుండె కండరానికి రక్తం అందక ఆక్సిజన్ కరువైతే ప్రోటాన్ల తేడా పడిపోతుంది. అప్పుడు సింథేస్ ఎదురు తిరిగి, మిగిలిన ఏటీపీనే విరగ్గొట్టి ప్రోటాన్లను బయటికి తోయడం మొదలుపెడుతుంది. కణం తన దగ్గరున్న కొద్దిపాటి నిల్వను తానే తినేస్తుందన్నమాట. దీన్ని అడ్డుకోవడానికి ఐఎఫ్1 అనే చిన్న ప్రోటీన్ ఉంది. లోపల ఆమ్లత్వం పెరగగానే అది చురుకై, సింథేస్ గదుల మధ్యకు దూరి, వెనక్కి తిరగకుండా ఆపేస్తుంది.